వంతులవారీ గొంతు

భద్రాచలం బస్టాండు దగ్గర నాకొక నెట్ సెంటర్ ఉంది. పొద్దంతా ఆధార్ కార్డులు, కుల ధ్రువీకరణ పత్రాలు ప్రింటు తీస్తాను. అది చాలదన్నట్టు ఎవరూ అడగని పని ఇంకొకటి నెత్తికెత్తుకున్నాను. చూపు లేనివాళ్ళకు ఫోనులో వచ్చిన అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చేతనైనవాళ్ళు విప్పి బాగుచేయనూ వచ్చు. దానికి తగిలించుకోవడానికి దేశదేశాల నుంచి జనం చిన్నచిన్న అదనపు ముక్కలు తయారుచేసి పంపుతుంటారు. వాటిని యాడాన్లంటారు. వచ్చినవాటిని పరీక్షించడం, ఏది ఏ అరలో ఉండాలో సర్దడం, చెడిపోతే చేసినవాళ్ళ వెంటపడటం నా పని. జీతం లేదు. తిట్లు మాత్రం వేళకు అందుతాయి.

ఆ గుట్టలో నేను ప్రాణంగా చూసుకున్నది ఒక్కటే, కోయ మాటల యాడాన్. పినపాక అవతల అడవంచున ఉన్న ఒక గూడెంలో తయారైంది. అక్కడొక అక్క ఉంది. జ్వరం వచ్చి చూపు పోయింది. కూతురు ఖమ్మంలో నర్సు కోర్సు చదువుతోంది. గూడెంలో ఫోన్ కలిస్తే మాట తెగిపోతుంది, గొంతు రికార్డు చేసి పంపినా దిగదు, రాసిన మెసేజ్‌లు మాత్రం సిగ్నల్ వచ్చినప్పుడు గుంపుగా వచ్చి పడతాయి. కూతురు కోయ మాటలను తెలుగు అక్షరాల్లో రాసి పంపేది. వాటిని ఫోనులోని తెలుగు గొంతు చదివితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కండక్టరు స్టేజీల పేర్లు అరిచినట్టు ఉండేది.

గూడెంలో డిగ్రీ చదివిన ఒకతను ఈ అవస్థ చూశాడు. అక్క తప్ప మిగతా ఆడవాళ్ళందరినీ వంతులవారీగా కూర్చోబెట్టి తలా కొన్ని మాటలు చెప్పించి రికార్డు చేశాడు. అందుకని ఆ యాడాన్‌లో ఒక మాట వదిన గొంతులో వస్తే తర్వాతి మాట పిన్ని గొంతులో వచ్చేది. మధ్యలో ఎవరిదో దగ్గు కూడా ఉండేది. తీసేద్దామంటే ఊళ్ళో ఒప్పుకోలేదు. కూతురు కోయలో "అన్నం తిన్నావా" అని రాస్తే ఊరు ఊరంతా కలిసి ఆ అక్కను అడిగినట్టుండేది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. దాంతోపాటు ఒక నియమం. ప్రతి యాడాన్‌కూ బాధ్యత తీసుకునే మనిషి ఒక్కరుండాలి, వాళ్ళ పేరు రాయాలి, లేకపోతే తీసేస్తారు. కోయ యాడాన్ తయారుచేసినతను హైదరాబాదులో ఉద్యోగంలో చేరి నా మెసేజ్‌లు చూడటం మానేశాడు. నా పేరు పెట్టడానికి లేదు. తనిఖీ చేసేవాడే బాధ్యుడు కాకూడదన్నారు, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే పైవాళ్ళు. అయినా కోయ రానివాడిని, తప్పు పలికితే నాకేం తెలుస్తుంది?

సరే, గూడెంలోనే ఎవరో ఒకరి పేరు అడుగుదామని బయల్దేరాను. విత్తనాల పండుగ అయ్యేదాకా పెద్దలు కూర్చోరన్నారు. అయ్యాక మళ్ళీ వెళ్ళాను. అందరూ కూర్చున్నారు. నేను చెప్పిందంతా విని ఊరి పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కని పేరేంది? మాట అందరిదాయె. ఇయ్యాల ఒక్కని పేరు రాస్తే, రేపు వాడు నాదే అంటడు."

"పేరుకే పెద్దయ్యా. ఏమన్నా అడిగితే జవాబు చెప్పాలె, గంతే."

"జవాబు మేమంతా చెప్తం. చేన్ల కావలి ఎట్ల కాస్తున్నం? వంతులేసుకుంటం. ఈ యేడు ఈ ఇల్లు, వచ్చే యేడు ఆ ఇల్లు. గిదీ గట్లనే."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదలా అనిపించింది. ఇంటికొచ్చి, వంతులవారీగా చూసుకుంటారట, ఊరి పేరు రాయనివ్వండని పైవాళ్ళకు రాశాను. చాలా మర్యాదగా కాదన్నారు. ఊరు మనిషి కాదు కదా అన్నారు. అదే వారం, గంటగంటకూ ఫోను కోడిలా కూసే యాడాన్ ఒకటి ఏ అడ్డూ లేకుండా కొత్త వెర్షన్‌లోకి ఎక్కింది. దానికి బాధ్యుడున్నాడు మరి. ఏమడిగినా చిటికెలో జవాబిస్తాడు.

చివరికి అక్క కాళ్ళావేళ్ళా పడ్డాను. "నీ పేరు పెట్టక్కా, నష్టపోయేది నువ్వే" అన్నాను.

"అవ్, నాకెరికే తమ్మీ" అంది. "అందుల నా గొంతు ఒక్క మాటలన్న ఉందా? అందరి గొంతు పెట్టుకొని కింద నా పేరెట్ల రాస్కుంట? సిగ్గుగాదా?"

ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ యాడాన్‌ను అరలోంచి నా చేత్తోనే తీసేశాను. ఆ రోజు షాపు పెందలాడే మూసేశాను.

పాత వెర్షనే ఉంచుకోవచ్చు కదా అని మీరనవచ్చు. అక్క ఫోనులో ఉంచాను. వానాకాలంలో గోదావరి ఎగదన్ని వాగులు పొంగినప్పుడు ఆమె ఇంట్లోకి నీళ్ళొచ్చి ఫోను పాడైంది. కూతురు కొత్త ఫోను కొనిపెట్టింది. అందులో పాత వెర్షన్ ఎక్కలేదు, కొత్తదేమో అరలో లేని యాడాన్‌ను తీసుకోదు. చేయగలిగిందంతా చేశాను. పైవాళ్ళకు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. ఇక అయ్యేది కాదని నాకు తెలుసు.

మొన్న ఆ దారిన పోతూ అక్క ఇంటి దగ్గర ఆగాను. అరుగు మీద కూర్చుని ఇప్పపువ్వు ఏరుతోంది. ఫోను పక్కనే ఉంది.

"బిడ్డ మెసేజ్‌లు వస్తున్నయా అక్కా?"

"వస్తున్నయ్. ఫోను సక్కగ సదవాలని బిడ్డ ఇప్పుడు తెలుగులనే రాస్తంది. అంతా సమజైతంది."

"మంచిదే కదక్కా."

ఏరుతున్న చెయ్యి ఆపింది.

"మంచిదే తమ్మీ. గని నా బిడ్డ నాతోటి ఆఫీసోళ్ళు మాట్లాడినట్టు మాట్లాడతంది."