నల్లపెట్ట చెప్పిన జవాబు

తొర్రూరు బస్సు దిగి ఊళ్లోకి వచ్చేవాళ్లకు ముందుగా వినబడేది కొమురవ్వ తన కోళ్లతో పెట్టుకునే పంచాయితీ. కొంగులో నూకలు పోసుకొని, వాకిట్లో చల్లుతూ, ఒక్కొక్క కోడి గుణగణాలూ ఏకరువు పెడుతుంది. ఈమధ్య ఆమె గోడు అంతా మోపెడ్ మీద కోడిపిల్లలమ్మే ఇమ్మానుయేల్ దగ్గర కొన్న ఎర్రపెట్ట గురించే. అది కొత్త జాతిది. గుడ్లు బాగానే పెడుతుంది గానీ, పెట్టిన గుడ్డు వంక తిరిగి చూడదు. "పొదిగే గుణం తీసేసి పుట్టించిండ్రు అవ్వా, గట్లయితెనే గుడ్లు ఎక్కువొస్తయి" అని అతను చెప్పినప్పటినుంచి కొమురవ్వ మండిపడుతోంది. "తల్లితనం గుంజుకునేటప్పుడు దాన్ని ఒక్క మాటన్న అడిగిండ్రా?" అని దారిన పోయేవాళ్లనల్లా నిలదీస్తోంది.

నిన్న పొద్దున నల్ల నాటుపెట్ట గుడ్లు పొదిగే యావలో పడి, పొదుగుకొచ్చి మూలన కూర్చుంది. పొదుగుకొచ్చిన కోడి గుడ్లు పెట్టదు. నీళ్లలో రెండు మునకలేయిస్తే పొదుగు మరిచిపోయి మళ్లీ గుడ్లకొస్తుంది. కొమురవ్వ ఎప్పటిలాగే దాన్ని చంకన పెట్టుకొని బకెట్ దగ్గరికి నడిచింది. అంట్లు తోముతున్న కోడలు వనజ తలెత్తకుండానే, "దాన్ని అడిగినవా అత్తమ్మా?" అంది.

కొమురవ్వ నిలబడిపోయింది. "నేను ముంచితే కొన్నాళ్లకు మళ్ల పొదుగుకొస్తది. వాళ్లు తీసింది మళ్లొస్తదా?" అని గట్టిగానే అంది గానీ, చెయ్యి మాత్రం బకెట్లోకి దిగలేదు. కోడిని మొహానికెదురుగా ఎత్తి, గొంతు తగ్గించి, "ముంచాల్నా బిడ్డా?" అని అడిగింది. అది చేతిని రక్తం వచ్చేలా పొడిచింది.

"వద్దంటున్నది" అంటూ కొమురవ్వ దాన్ని తీసుకెళ్లి ఎర్రపెట్ట గుడ్ల మీద కూర్చోబెట్టింది. ఎర్రపెట్ట అటువైపైనా చూడకుండా నూకలేరుకుంటోంది.