యుద్ధం చదివిన మా సాబిరా

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి నేను. అయినా రెండుసార్లు సర్పంచిగా గెలిచాను. మా ఊరికి తారురోడ్డు, మంచినీళ్ల ట్యాంకు, హైస్కూలు నా హయాంలో వచ్చినవే. ఆ హైస్కూల్లో చదివిన పిల్లే సాబిరా, ట్రాక్టర్ మెకానిక్ సుభానీ కూతురు. పదో తరగతిలో మండలం ఫస్టు, డిగ్రీలో బంగారు పతకం. ఇప్పుడు గుంటూరు దగ్గర యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. ఇవేవీ ఆ పిల్ల తనంతట చెప్పుకోదు గనక నేను రాస్తున్నాను.

యుద్ధం ముగిసిపోయాక మనుషుల్లో, వాళ్ల అలవాట్లలో ఏం మిగులుతుందన్నది సాబిరా పరిశోధన. మన పల్నాటి యుద్ధాన్నే ఎంచుకుంది. మొన్న వేసవిలో మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"ఏందే, అట్టా ఉన్నావు?" అన్నాను.

"కత్తులూ గుర్రాలూ అందరికీ తెలిసినయ్యేనంట తాతా. ఆ యుద్ధం ఇయ్యాళ్టి మనుషుల్లో యాడుందో చూపించమన్నారు మా సారు. చూపించకపోతే నెలాఖరుకి వేరే అంశం తీసుకోవాలి. ఏడాది పని పోద్ది."

"పల్నాటి యుద్ధానికి పల్నాడులో సాక్ష్యం దొరకదా? ఆదివారం మా ఇంటికి రా."

బసవయ్యనీ వెంకట్రామయ్యనీ పిలిపించాను. ఇద్దరూ వియ్యంకులు; బసవయ్య కూతురు అర్చనని వెంకట్రామయ్య కొడుక్కిచ్చారు. ఆ యుద్ధంలో బసవయ్యది గురజాల పక్షం ఊరు, వెంకట్రామయ్యది మాచర్ల పక్షం ఊరు. తమ వీరుల గురించి మధ్యాహ్నం దాకా తొడగొట్టి మరీ చెప్పారు. సాబిరా ఫోనులో రికార్డు చేసింది గానీ మొహంలో వెలుగు లేదు.

"ఇయ్యన్నీ నా దగ్గర ఉన్నయ్యి తాతా," అంది నా చెవిలో.

ఇక భోజనానికి లేచాం. నాటుకోడి పులుసు చేయమని మా ఆవిడ శేషమ్మకి ముందే పురమాయించాను. ఆమె గరిటె వంచబోతే వియ్యంకులిద్దరూ విస్తళ్ల మీద చేతులు అడ్డం పెట్టారు.

"ఏంది బసవయ్యా, ఆదివారం పూట ఉపవాసమా?"

"మా బావ పక్కన కూర్చుని నేను కోడి తినను."

"నేను మాత్రం తింటానా?" అన్నాడు వెంకట్రామయ్య. "ఎవరింట్లో వాళ్లం అయితే చెరో కోడీ లాగిస్తాం."

"పొద్దుటాల నుంచి మసాలా నూరి వండితే ఇదేం చోద్యం!" అని మా ఆవిడ నా వైపు ఉరిమి చూసింది.

సాబిరా మాత్రం ఫోను మళ్లీ తీసింది. "ఎందుకు పెదనాన్నా?"

"యుద్ధానికి మూలం కోడిపందెమే గదమ్మా," అన్నాడు బసవయ్య. "రెండు పక్షాల మధ్య వియ్యమందుకున్నోళ్లు ఒక పంక్తిలో కూర్చుంటే కోడికూర వడ్డించరు. మా అర్చన పెళ్లికి కూడా పొట్టేలే కోశాం."

"ఎవరు పెట్టారీ పద్ధతి?"

"ఎవరో ఏంది? మా అమ్మ చెప్పింది. ఆమెకి వాళ్లమ్మ చెప్పింది."

"పందెంలో మోసం చేసింది మీవోళ్లు గాబట్టి నీకు సిగ్గు," అన్నాడు వెంకట్రామయ్య.

"మోసమా! ఓడిపోయి ఏడ్చిందెవరంట?"

ఇద్దరూ లేవబోయారు. "పప్పు పోస్తన్నా, కూర్చోండి," అని శేషమ్మ గదమాయించింది. నాకు తల కొట్టేసినట్టయింది. సాబిరా అయితే నవ్వుతోంది.

"దొరికింది తాతా," అంది.

ఆ వారమంతా రెండిళ్ల ఆడవాళ్ల దగ్గరే కూర్చుంది. బసవయ్య కూతురు అర్చన, "మా నాన్న వస్తన్నాడంటే కోళ్లని గంప కింద మూసేస్తా సాబిరా," అని చెప్పిందట. సాబిరా నాకు విడమరిచింది: "ఇది పగ కాదు తాతా. పిల్లనిచ్చుకుని కలిసి బతకాలనుకున్నోళ్లు పాత గొడవ విస్తట్లోకి రాకుండా అడ్డం పెట్టుకున్నారు."

అంశం మార్చమన్న సారే సెమినార్లో ఆమె చేత ఆ పరిశోధన పత్రం చదివించారు. వియ్యంకుల్ని నేనే కారులో తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. చప్పట్లు చానాసేపు మోగాయి. పీహెచ్‌డీకి కూడా దరఖాస్తు పెట్టమన్నారు.

తర్వాత క్యాంటీన్లో మా నలుగురికీ చికెన్ బిర్యానీ తెచ్చి పెట్టారు. వియ్యంకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది గుంటూరు జిల్లా గదా బావా," అన్నాడు బసవయ్య. "మన పద్ధతి ఇక్కడ చెల్లుద్దంటావా?"

"నేనూ అదే ఆలోచిస్తన్నా," అని వెంకట్రామయ్య ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు.

సాబిరా చేతులు తుడుచుకుని ఫోను తీసింది.