ఇరవై అడుగులు దాటాక చెప్పే మనిషి

నల్గొండలో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నప్పుడే నాకు కెమెరా పిచ్చి పట్టింది. రిటైరయ్యాక అది ముదిరింది. పెండ్లిళ్లలో ఫొటో తియ్యమంటే మనుషుల తలకాయలు కోసేస్తానని, పిట్టలకైతే ఒక్క ఈక కూడా పోనివ్వనని మా ఇంటావిడ దెప్పుతుంది. ఆమె మాటలో అబద్ధం లేదు.

నాకు దొరకని పిట్ట ఒకటే, పసుపు గొంతు పికిలిపిట్ట. మామూలు పికిలిపిట్టలు మా పెరట్లోనే బోలెడు. ఇది మాత్రం కొండ రాళ్ల మధ్యే బతుకుతుంది, మనిషి అలికిడైతే చాలు సందుల్లో మాయమవుతుంది. దాని కోసం మూడేళ్లలో మూడుసార్లు నల్లమలకు పోయి ఉత్త చేతులతో వచ్చాను. మా ఫొటోల వాట్సాప్ గ్రూపులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడొకడు దాని ఫొటో పెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. అది కుళ్లే, వేరే పేరెందుకు.

నాలుగోసారి జూన్ మొదట్లో పోయాను. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. నన్ను అడవిలో తిప్పేది ఎప్పుడూ ఒకే మనిషి. అక్కడ అటవీ శాఖలో వాచర్‌గా పనిచేసే చెంచు ఆయన, నాకంటే ఐదారేళ్లు చిన్న. నన్ను సారు అంటాడు, నేను తమ్మీ అంటాను.

ఆయనకొక పద్ధతి ఉంది. గూడు కనబడితే ఆగడు, వేలు చూపించడు, తల కూడా తిప్పడు. అదే నడకతో దాటిపోయి, ఇరవై అడుగుల తర్వాత మెల్లగా చెబుతాడు, వెనక ఎడమ పక్క పొదలో ఫలానా పిట్ట గుడ్లు పెట్టిందని. మొదట్లో నాకు ఒళ్లు మండేది. చెప్పేదేదో అక్కడే చెప్పరాదా అని ఒకసారి గట్టిగానే అడిగాను. మనిషి నిలబడిన చోట ఏదో ఉందని పైనుంచి చూసే కాకులకు, గద్దలకు తెలిసిపోతుందన్నాడు. వాళ్ల నాయిన నేర్పిందట. నేను తలూపాను. తలూపడం మాస్టర్లకు బాగా వచ్చిన విద్య.

ఆ రోజు బండల గుట్ట దాటాక, ఇరవై అడుగులకు ఆయన నోరు విప్పాడు.

“సారూ, మీ పసుపు గొంతుది ఎన్క బండ నెర్రెల గూడు పెట్టింది. పిల్లలున్నయి. ఇప్పుడు ఆగద్దు. పిల్లలు ఎగిరినంక, పది దినాలకు రాండ్రి, నేనే చూపెడత.”

మూడేళ్లు ఆగినవాణ్ణి పది రోజులు ఆగలేకపోయాను. గట్టి వానలు పడితే అడవిలోకి రానివ్వరని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. నీళ్లు తేవడానికి ఆయన దూరంగా ఆపిన మా జీపు దగ్గరికి పోగానే వెనక్కి నడిచాను. ఆ పిట్ట కూత నా ఫోన్‌లో ఉంది. అది వినిపిస్తే, తన జాగాలోకి మరో పిట్ట వచ్చిందనుకుని అసలుది తరమడానికి బయటికొస్తుంది. మా గ్రూపులో అందరికీ తెలుసు ఈ చిట్కా, ఎవరూ పైకి ఒప్పుకోరు. బండ ముందు నిలబడి ఫోన్ మోగించాను.

వచ్చింది. నోట్లో పురుగుతోనే వచ్చి ఎదురుగా కొమ్మ మీద వాలింది. గొంతు కింద పసుపు ఎండకు మెరుస్తుంటే వరసబెట్టి ఫొటోలు తీస్తూ పోయాను. అది కొమ్మ మారితే నేనూ మారాను. కూత మళ్లీ మళ్లీ వినిపించాను. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

కెమెరా దించి చూస్తే ఆయన నా వెనకే ఉన్నాడు. నన్ను కాదు, బండను చూస్తున్నాడు. ఇటుక రంగు ఒళ్లు, పొడుగు తోక ఉన్న కాకి జాతి పిట్ట ఒకటి నెర్రెలో నుంచి గూటిపిల్లను ముక్కున కరుచుకుని లేచింది. కాసేపటికి మళ్లీ వచ్చి రెండోదాన్ని పట్టుకుపోయింది. పికిలిపిట్ట నోట్లోని పురుగు ఎప్పుడు పడిపోయిందో, బండ చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. నా ఫోన్‌లో ఉన్న కూతకూ ఆ అరుపుకూ పోలికే లేదు.

తప్పయిపోయిందన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“పోదాం సారు, ఎండ ముదురుతాంది” అన్నాడు, అంతే.

ఫొటో గ్రూపులో పెట్టలేదనుకుంటారేమో, పెట్టాను. నోట్లో పురుగు ఉండటం వల్ల ఫొటోకు ప్రాణం వచ్చిందని ఒకాయన రాశాడు. పిల్లలకు పట్టుకపోతున్నట్టుంది పాపం అని మా ఇంటావిడ అంది. ఆమెకు జరిగింది చెప్పలేదు. ఆ ఫొటోకు ఫ్రేమ్ కట్టించలేదు.

మరుసటి ఏడు మళ్లీ పోయాను. ఫోన్‌లోంచి కూతలన్నీ తీసేశానని ఆయనకు చెప్పాను. మంచిదే సారు అన్నాడు. ఇద్దరం చాయ్ తాగాం, ఇంటి సంగతులు మాట్లాడుకున్నాం. మర్యాదకు ఏ లోటూ లేదు. అడవిలో అదే బాట, అదే నడక. బండల గుట్ట దగ్గర ఆయన ఆగలేదు, తల తిప్పలేదు. దాటాక నేను మనసులో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇరవై అయ్యాయి. నలభై అయ్యాయి. జీపు దాకా నడిచాం. ఆయన ఏమీ చెప్పలేదు.