ఫారం వెనక పేజీ

మా నాన్న బైండింగు పనివాడు. చర్చివాళ్ల ప్రెస్సులో నలభై ఏళ్లు కాగితాలు మడిచాడు. ఇంటికొచ్చినా చొక్కాకి జిగురు వాసనే. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ప్రాణం లేచొస్తుంది.

చదివింది ఐదో తరగతే గానీ, మడుస్తూ మడుస్తూ మహా వేదాంతి అయిపోయాడు. ఫారం అంటే పదహారు పేజీలు అచ్చేసిన పెద్ద కాగితం. మడిస్తేగానీ పేజీలు వరసలోకి రావు. ఈయనేమో మడవకముందే చదివేసేవాడు. అందుకే సోమవారం "కాబట్టి ఆయనకి ఆది లేదు" అని తేల్చేసి, గురువారం "ఇంతకీ దేవుణ్ణి ఎవరు చేశారంటావ్?" అని తీరిగ్గా అడిగేవాడు. నేనూ అమ్మా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

తమ్ముడు నాలుగేళ్లకే జ్వరంతో పోయాక ఆ నవ్వులు ఆగిపోయాయి. అమ్మ చర్చికి వెళ్లడం మానేసింది. ఎలాగైనా మళ్లీ తీసుకెళ్లాలని నాన్న తాపత్రయం. పాస్టరుగారు రాసిన సిద్ధాంతాల పుస్తకం బైండింగుకి వచ్చిన రోజు ఆదరాబాదరాగా ఇంటికొచ్చాడు.

"ఏమేవ్, దొరికింది! కీడు అనేది విడిగా ఒక వస్తువు కాదట. దేవుడు దాన్ని చెయ్యలేదట. ఉండాల్సిన మంచి లేకపోవడమే కీడట."

అమ్మ గరిటె కింద పెట్టింది. "ఉండాల్సినవాడు లేకపోవడమేగా నా ఏడుపు? కన్నబిడ్డ పోతే తెలుస్తుంది, చెప్పు మీ పాస్టరుగారికి."

నాన్న అన్నం తినలేదు. మర్నాడు ఆ మాట మోసుకునే పనికెళ్లాడు. చెప్పే ధైర్యం చాలక ముందు ఆ ఫారం మడిచాడు. తను చదివిన జవాబుకి ముందు రావాల్సిన పేజీ, కాగితం వెనకవైపు ఉంది. "మా పాపని సమాధి చేసిన రోజు కూడా నాకు ఇదంతా తెలుసు. తెలిసీ ఏడ్చాను" అని రాసుంది అందులో.

మధ్యాహ్నమే ఇంటికొచ్చి, మడిచిన ఫారం అమ్మ ఒళ్లో పెట్టాడు. "తిప్పి చూడకుండా చెప్పానే. తప్పు నాదే."

అమ్మ రెండుసార్లు చదువుకుంది.

ఆదివారం మాకంటే ముందే తయారై చర్చికి బయల్దేరింది. ప్రసంగం చెవికెక్కినట్టు లేదు. అందరూ వెళ్లిపోయాక పాస్టరుగారి దగ్గరికెళ్లి అడిగింది.

"అయ్యగారూ, పాపకి అప్పుడు ఎన్నేళ్లు?"

ఆయన ఆరు వేళ్లు చూపించి, బల్ల మీద కూలబడ్డాడు. ఆ పాప గురించి ఆయన్ని ఎవరూ అడగనే లేదట. అమ్మ పక్కన కూర్చుంది. ఆ రోజు మేం ఇంటికి చేరేసరికి వండినదంతా చల్లారిపోయింది.