పావుగంటలో పట్టని నవ్వు

శ్రీకాకుళం కొండల కింద ఒక చిన్న రేడియో కేంద్రంలో నాలుగేళ్లు రికార్డింగు పని చేశాను. వారానికొకసారి సవర భాషలో పావుగంట కార్యక్రమం సర్కారు గ్రాంటు మీద నడిచేది. పింఛన్లు, దోమతెరలు, జీడిమొక్కలు, అన్నీ ఆ పావుగంటలోనే ఇమడాలి.

చదివే అమ్మాయిది కొండ అవతల గూడెం. సర్కారు తెలుగుని సవరలోకి మార్చి చదువుతూ మధ్యలో ఫక్కున నవ్వేసేది. "లబ్ధిదారుడంటే మా బాసలో మాటే నేదన్నియ్యా! ఏటి సెప్పమంటావు?" అనేది. నాకేమో ఒళ్లు మండేది, పొందూరు బస్సు తప్పిపోతుందని. ఆమె వెళ్లాక కంప్యూటరు ముందు కూర్చుని నవ్వులు, దగ్గులు, ఆఖరికి ఊపిరి తీసుకున్న చప్పుళ్లు కూడా కోసేసేవాణ్ణి. ఎంత శుభ్రంగా చేశావని పెద్దసారు మెచ్చుకుంటే పొంగిపోయాను, వెధవని.

హుద్‌హుద్ తుపాను మరుసటి ఏడు ఆ అమ్మాయి జ్వరంతో చనిపోయింది. కొన్నాళ్లకే గ్రాంటు ఆగింది. వినేవాళ్లు లేరని కాగితం వచ్చింది. ఎలా వింటారు? ఆమె గూడేనికే మా టవరు అందేది కాదు.

ఒక సంత రోజున ఆ అమ్మాయి వాళ్లమ్మ కేంద్రానికి వచ్చింది. కూతురి గొంతు రేడియోలో ఒక్కసారీ వినలేదట.

"మా పిల్ల గొంతు నీ కాడున్నాదంట గదా బాబూ. ఓపాలి ఇనిపించు."

పెట్టాను. ఆమె స్పీకరు దగ్గరికి జరిగి కూర్చుని, దోమతెరల గురించి పావుగంటా కదలకుండా వింది. అయిపోయాక నా వైపు చూసింది.

"గొంతు దానిదే బాబూ. ఇది మాత్రం మా పిల్ల కాదు. నవ్వకండా అది రెండు మాటలు మాటాడదు. నవ్వినవి ఎట్టు, ఇంటాను."

ఉన్న ఫైళ్లన్నీ వెతుకుతున్నట్టు కాసేపు నటించాను. ఇక నా వల్ల కాలేదు.

"నేనే తీసేశానమ్మా. టైము చాలక."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పోనీ, అదే మళ్లీ ఎట్టు. ఎక్కడ నవ్వుంటాదో నాకు తెలుస్తాది."

మళ్లీ పెట్టాను. లబ్ధిదారుల సంగతి రాగానే ఆమె చెయ్యెత్తి "ఇక్కడ" అంది. సరిగ్గా అక్కడే కోశాను. తల పక్కకి తిప్పుకుని ఏడ్చేశాను. ఆమె నన్ను చూడలేదు. స్పీకరుకి చెవి ఆనించి, "ఇక్కడ" అంది. కాసేపాగి, తనే చిన్నగా నవ్వి, మళ్లీ "ఇక్కడ" అంది.