లేని పడవ కోసం లేచిన వంతెన

డెస్ సడబీ గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకు అంత తేలిక కాదు. నేను తూర్పు ఒడ్డు వాణ్ణి, రోవర్స్ మనిషిని. అతను పడమటి ఒడ్డు వాడు, ఎఫ్‌సీ మనిషి. మా హల్ పట్నాన్ని నది రెండు ముక్కలు చేసింది. ఆ రెండు ముక్కలకీ రెండు రగ్బీ జట్లు. మావి ఎరుపు తెలుపు చొక్కాలు, వాళ్ళవి నలుపు తెలుపు. ఏ ఒడ్డున పుడితే ఆ జట్టు. ఇందులో ఎవరి ఇష్టాన్నీ ఎవరూ అడగరు. అయినా ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మనిషితో ఒకే క్యాబిన్‌లో కూర్చున్నాను కాబట్టి, రాస్తే నేనే రాయాలి.

మా ఉద్యోగం వంతెన ఎత్తడం. పోటు మీద, అంటే సముద్రపు నీళ్ళు ఎగదన్నినప్పుడు, పడవలు నదిలోకి వస్తాయి. ఫలానా పడవ వస్తోందని కబురు రాగానే సైరన్ మోగించి, రెండు పక్కలా గేట్లు దించి, రోడ్డుతో సహా వంతెనని పైకి లేపాలి. ఈ ఊళ్ళో ఎవడు పనికి ఆలస్యంగా వెళ్ళినా "వంతెన లేచింది సార్" అంటాడు. పెళ్ళికి ఆలస్యమైన పెళ్ళికొడుకులు కూడా అదే చెప్పారు. మేం ఎత్తినవీ ఎత్తనివీ అన్నీ మా నెత్తినే పడేవి.

డెస్ వాళ్ళింట్లో తండ్రి కాలం నుంచీ బేకన్ వండలేదు. ఎర్రటి మాంసం మధ్యలో తెల్లటి కొవ్వు చారలుంటాయి కదా, అది రోవర్స్ చొక్కాలా కనబడుతుందట. ఆ సంగతి తెలిశాక నేను ఊరుకుంటానా? పొద్దుటి డ్యూటీ పడినప్పుడల్లా క్యాబిన్‌లో పెనం పెట్టి బేకన్ వేయించేవాణ్ణి.

"ఆ దరిద్రాన్ని బయటికి పట్టుకుపోయి తినరా క్లిఫ్!"

"ఏం, వాసనకే జట్టు మారిపోతావా?"

"మీ జట్టు కంపు నది ఇవతలికి రోజూ కొడుతూనే ఉంది. మళ్ళీ వేయించడం ఎందుకు?"

నవ్వకండి. మా అమ్మ నలుపూ తెలుపూ కలిసిన పిల్లిని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఈ పిచ్చి రెండు ఒడ్డులకీ సమానమే.

డెస్‌కి ఒక్కడే తమ్ముడు, రోలాండ్. ఊరంతా రోలీ అనేది. చేపల ఓడల మీద పని చేసే ముసలి సడబీకి ఆ చిన్న కొడుకంటే ప్రాణం. ఎందుకంటే రోలీ ఎఫ్‌సీలో ఆటగాడు. కాకపోతే నాలుగేళ్ళుగా రిజర్వు జట్టులోనే మగ్గుతున్నాడు. అసలు జట్టులో ఎవడికైనా కాలు విరిగితే తప్ప పిలుపు వచ్చేది కాదు. ఆ పరిస్థితుల్లో మా రోవర్స్ వాళ్ళు కబురు పంపారు: నది దాటి రా, వచ్చే శనివారం నుంచే మొదటి పదమూడు మందిలో నువ్వుంటావు అని.

వేరే ఊరి జట్టుకి వెళ్ళినా తండ్రి భరించేవాడేమో. నది దాటడమా! ముసలాయన ఆ పూటే గోడ మీద రోలీ ఫొటో తీసేశాడు. "వాడితో మాట్లాడినవాడు కూడా నా కొడుకు కాడు" అని డెస్‌తో అన్నాడు.

అది ఏప్రిల్ నెల, మంగళవారం. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. డెస్ పాలిపోయిన మొహంతో డ్యూటీకి వచ్చాడు. మూడింటికి తమ్ముడు రోవర్స్ ఆఫీసులో సంతకం పెట్టబోతున్నాడని చెప్పి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. మా క్యాబిన్ పడమటి చివర ఉంటుంది. రెండున్నరకి రోలీ నీలం రంగు కారు వంతెన వైపు వస్తూ కనబడింది. డెస్ నన్ను పక్కకి నెట్టి సైరన్ నొక్కేశాడు.

"ఒరేయ్, ఏ పడవరా? పాటు మీద ఉంది నది, చూడు! బురద తప్ప చుక్క నీళ్ళు లేవు!" అని నేను అరిచాను.

అతను వినలేదు. గేట్లు దిగాయి, వంతెన లేచింది. రోలీ కారు దిగి గేటు దగ్గరికి వచ్చాడు. వంగి నదిలోకి చూశాడు. బురదలో పక్షులు తిరుగుతున్నాయి. తర్వాత తలెత్తి మా కిటికీ వైపు చూశాడు. అన్న మొహమూ తమ్ముడి మొహమూ ఎదురెదురుగా ఎంతసేపు ఉన్నాయో చెప్పలేను. తర్వాత రోలీ కారెక్కి, వెనక్కి తిప్పి, ఎగువనున్న ఇంకో వంతెన మీదుగా వెళ్ళి నాలుగింటికి సంతకం పెట్టాడు. మా ఊళ్ళో ఒక్క వంతెనే ఉన్నట్టు డెస్ ఎందుకనుకున్నాడో, ఆ వంతెనల మధ్యే బతుకుతున్నవాడు, ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వంతెన ఎందుకు లేచిందో పుస్తకంలో రాయాలి. డెస్ ఉద్యోగం పోతుందని నేనే ఒక పడవని సృష్టించి రాశాను. "గ్లాడిస్" అని మా అత్తగారి పేరు పెట్టాను. ఆవిడా ఏ దారిన వచ్చినా అందరూ ఆగాల్సిందే.

రోలీ మా జట్టుకి పదకొండేళ్ళు ఆడాడు. బ్రహ్మాండంగా ఆడాడు, గొప్పకి చెప్పడం లేదు. అన్నదమ్ములు మాత్రం మళ్ళీ మాట్లాడుకోలేదు. మొదట తండ్రి మాట అడ్డం. తండ్రి పోయాక ఆ అడ్డం కూడా లేదు కదా, వెళ్ళొచ్చు కదా అని నేనే అన్నాను.

"వెళ్ళి ఏమని చెప్పను? వాడి బతుకు ఆపాలని చూసినవాణ్ణి. మొహం చెల్లదురా" అన్నాడు డెస్.

ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇక్కడ నా బుద్ధితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఈస్టర్ ముందు శుక్రవారం మా రెండు జట్లకీ ఆట ఉంటుంది. అది పడమటి మైదానంలో జరిగిన ప్రతిసారీ డెస్ కావాలని డ్యూటీ వేయించుకునేవాడు. ఎఫ్‌సీ అంటే చెవి కోసుకునే మనిషి, సొంత మైదానంలో మాతో ఆట వదులుకుంటున్నాడంటే, మా చేతిలో ఓడిపోవడం చూడలేకనే అనుకుని, ఊరంతా చెప్పి నవ్వాను. మధ్యలో కొన్నేళ్ళు రెండు జట్లూ లీగులో పైనా కిందా వేర్వేరు అంచెల్లో పడి ఆటే లేకుండా పోయింది. ఆ వసంతాల్లో అతను ఎందుకు అంత చిరాకుగా ఉండేవాడో కూడా నేను ఆలోచించలేదు.

అతని ఆఖరి ఏడు వచ్చింది. నెలాఖరుకి రిటైర్‌మెంటు. ఆట పడమట. నేను టికెట్ కొనుక్కుని, ఎర్ర కండువా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాను. సరిగ్గా ముందురోజు డెస్‌తో డ్యూటీ చేయాల్సిన కుర్రాడు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నన్ను రమ్మన్నారు. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టుకుంటూ వెళ్ళాను.

పదకొండు దాటాక తూర్పు నుంచి మావాళ్ళు గుంపులుగా వంతెన మీదుగా నడవడం మొదలుపెట్టారు. కండువాలు, పాటలు, కేకలు. డెస్ పడవల కోసం ఉంచిన దుర్భిణీ తీసి ఆ జనం మీద పెట్టాడు. ఒక్కో మొహమే చూస్తున్నాడు.

"ఎవర్రా?" అన్నాను.

"వాడు" అన్నాడు. "ఆట మానేసినప్పటినుంచీ ప్రతిసారీ ఇలాగే నడిచి వెళ్తాడు. ఈ కిటికీ కిందనుంచే. ఒక్క నిమిషం కనబడతాడు."

సొంత మైదానంలో అన్ని ఆటలు పోగొట్టుకున్నది ఆ ఒక్క నిమిషం కోసమా! నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

"నెలాఖరు తర్వాత ఈ కిటికీ కూడా ఉండదు నాకు" అన్నాడు డెస్. "ఈసారి కిందికి దిగుదామనుకుంటున్నా. ఒక్క మాట చెబుదామని."

పన్నెండయింది. జనం పలచబడ్డారు. రోలీ లేడు. పన్నెండుంబావుకి వైర్‌లెస్‌లో కబురు: ఇసుక పడవ పోటు మీద వస్తోంది, వంతెన లేపండి. అప్పుడు కనబడ్డాడు, తూర్పు రోడ్డు చివర. చేతికర్ర మీద వాలుతూ, నాలుగడుగులు వేసి ఆగుతూ వస్తున్నాడు. పదకొండేళ్ళ ఆట మోకాళ్ళని తినేసింది.

"రెండు నిమిషాలు ఆగు, వాణ్ణి దాటనీ" అన్నాడు డెస్.

"పోటు ఆగుతుందా? నువ్వే నాకు నేర్పావు కదరా!"

అతను మళ్ళీ తూర్పు రోడ్డు వైపు చూశాడు. కానీ ముప్పై ఏళ్ళకి పైగా అదే పని చేసినవాడు. తనే సైరన్ నొక్కాడు. గేటు సరిగ్గా రోలీ ముక్కు ముందు దిగింది. వంతెన లేచింది. రోలీ కర్ర ఆనించుకుని నిలబడి, తలెత్తి మా వైపు చూశాడు. చేతులు నోటికి అడ్డం పెట్టి, నది ఇవతలికి వినబడేలా అరిచాడు.

"ఏం అన్నయ్యా! ఈసారైనా పడవ ఉందా?"

డెస్ కిటికీ తలుపు తోసిన తోపుకి అద్దం పగులుతుందనుకున్నాను. సగం మనిషి బయటికి వాలిపోయాడు.

"ఉందిరా! దేవుడి తోడు, నిజంగా ఉంది! అదుగో, వస్తోంది చూడు!"

ఇసుక పడవ నింపాదిగా ఇద్దరి మధ్య నుంచి పోయింది. దాని మీది మనిషి ఏమీ అర్థంకాక ఇద్దరికీ చెయ్యి ఊపాడు. వంతెన దిగీ దిగకముందే డెస్ మెట్లు దిగి పరిగెత్తాడు. నేను కిటికీలోంచి చూశాను. కౌగిలింతలేం లేవు, మేం అలాంటి మనుషులం కాము. తమ్ముడి చేతికర్ర తను తీసుకుని, దాని బదులు తన భుజం ఇచ్చి, పైకి తీసుకొచ్చాడు.

అప్పటికి ఆట మొదలైపోయింది. రోలీని కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. డెస్ నిలబడే ఉన్నాడు.

"తప్పు చేశానురా. ఆ రోజు నీకు అడ్డం పడ్డాను. నన్ను క్షమించు" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా మింగిన మాట అంత చిన్నది.

రోలీ టీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"నీకో నిజం చెప్పనా అన్నయ్యా? ఆ రోజు నేను వెనక్కి తిరగబోతున్నా. నాన్న మొహం గుర్తొచ్చి కాళ్ళాడలేదు. కారు పక్కకి తిప్పడానికి ఇండికేటర్ కూడా వేశాను. అప్పుడు నీ సైరన్ మోగింది. కింద చూస్తే బురద. ఒళ్ళు మండిపోయింది. నన్నాపడానికి వీడెవడని, ఎగువ వంతెన మీదుగా పోయి సంతకం గీకేశాను."

డెస్ గోడకి చేరగిలబడ్డాడు. నేను మాత్రం ఆగలేకపోయాను.

"అంటే మా జట్టుకి రోలీని తెచ్చింది నువ్వట్రా? నీకు విగ్రహం పెట్టిస్తామురా, ఎర్ర రంగు వేసి!"

"నోర్ముయ్ క్లిఫ్!" అన్నారు ఇద్దరూ.

"బాధపడకు" అన్నాడు రోలీ అన్నతో. "మంచి ఆట ఆడాను. నా పెళ్ళాం జీన్ అక్కడే దొరికింది, పిల్లలక్కడే పుట్టారు. నాకు కావలసింది ఒక్కటే మిగిలిపోయింది. మా ఇంటి నుంచి మైదానానికి ఎగువ వంతెనే దగ్గర, తెలుసా? ఈ మోకాళ్ళతో చుట్టూ తిరిగి ఇటే వస్తాను. ఎప్పుడో ఒకసారి పైనుంచి పిలుస్తావని."

డెస్ ఏడ్చాడు. నేను కెటిల్ కడిగాను, కడిగిందే మళ్ళీ కడిగాను.

"ఇంకా నలభై నిమిషాల ఆట ఉంటుంది. పోండి, నేను చూసుకుంటా" అని ఇద్దర్నీ గెంటేశాను. నా టికెట్టు జేబులోనే నలిగిపోయింది.

తర్వాతి సంగతి, అక్కడున్న మా బావమరిది చెప్పాడు. విరామం తర్వాత ద్వారం దగ్గర టికెట్ల సంగతి ఎవరూ అంత పట్టించుకోరు. డెస్ తమ్ముణ్ణి తిన్నగా తన చోటికే, నలుపు తెలుపు జనం నడుమకే తీసుకెళ్ళాడు. రోలీ మెడలో ఎర్ర కండువా ఉంది. వెనక వరసలో ఒక పెద్దమనిషి గుర్తుపట్టి లేచాడు.

"వీడు సడబీ కాదూ? నది దాటిన ద్రోహి! వీణ్ణిక్కడికి ఎవడు రానిచ్చాడు?"

చుట్టూ తలలు తిరిగాయి. డెస్ లేచి నిలబడ్డాడు. గొడవలంటే గోడ చాటుకి పోయే మనిషి, ఆ రోజు వరసంతా వినబడేలా చెప్పాడట.

"వీడు మా తమ్ముడు. వీణ్ణి నది దాటించింది నేను. తిట్టేదేదో నన్ను తిట్టండి."

ఆ పెద్దమనిషి రోలీ మోకాళ్ళ వైపు చూసి, కిందికి దిగొచ్చి, పక్కవాళ్ళని జరగమని, రోలీ మోకాలు చాపుకోవడానికి చోటు చేశాడట.