మా బావ జీపుకి నల్ల కిటికీలు

పొద్దున మా అక్క మొగుడు తన పాత జీపును మా ఇంటి ముందు ఆపి, కిటికీలకు నల్ల ఫిల్మ్ అంటించాలి, ఒక చెయ్యి వెయ్యమన్నాడు. అది గుడ్డ టాపు జీపు. కిటికీలకు అద్దాలుండవు, మెత్తటి ప్లాస్టిక్ షీట్లే ఉంటాయి. హుజూర్‌నగర్ ఎండకు వెనక కూర్చునేవాళ్లు మాడిపోతారు కదా, మంచి పనే అనుకున్నాను. సబ్బు నీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, బుడగలు పోయేదాకా రుద్దాను. ఒక పక్క పూర్తయ్యాక బావ దూరంగా నిలబడి చూసి మురిసిపోయాడు.

"ఇగ ఫికర్ లేదు బామ్మర్ది. మిరప ఏరనీకి కూలోళ్లను ఎంతమందిని కుక్కినా బయటికి కనబడరు. పోలీసోళ్లు ఆపరు."

రెండో పక్క రుద్దుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "బోల్తా పడితే ఎట్ల బావా?"

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న పడ్డదా? జర గా మూల రుద్దు."

"అక్కను గూడ గిట్లనే కుక్కుతవా?"

"అక్క ముందు సీట్ల కూసుంటది గదా!" అన్నాడు, ఎంతో మామూలుగా.

అంటించినదంతా బర్రున పీకేశాను. బావ నన్ను తిట్టుకుంటూ, మిగిలిన ఫిల్మ్ చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంకెవరితోనైనా వేయించుకుంటాడు, నాకు తెలుసు.

మీ ఊరి కూలీల జీపుల్లో లోపలి మనుషులు బయటికి కనిపిస్తున్నారా? రేపు పొద్దున ఒకసారి చూసి చెప్పండి.